లాగితే ఊరుకోని కండరం: స్ట్రెచ్ మోటారున్న ఆర్గాన్ బాత్ రివ్యూ

పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. గర్భసంచి కండరాన్ని సాగదీస్తే దాని సంకోచాలు ఎలా మారతాయో చూడాలనుకునే ల్యాబ్‌కి ఈ నాలుగు ఛాంబర్ల ఆర్గాన్ బాత్ కొనదగ్గదే. మోటారు బ్రహ్మాండం, ట్రాన్స్‌డ్యూసర్లు (లాగుడు బలాన్ని కొలిచే సెన్సర్లు) నమ్మదగినవి, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఉంది చూశారూ, దాన్ని ఆపకుండా పని మొదలుపెడితే మీరు ఏది కొలుద్దామని కూర్చున్నారో దాన్నే అది చెరిపేస్తుంది. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, పోయిన ఆ ఒక్క స్టారూ దాని వల్లే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

ఆర్గాన్ బాత్ (ఆర్గాన్ అంటే ఇక్కడ అవయవం, గ్యాస్ కాదు) ఎప్పుడూ చూడనివాళ్లకి రెండు ముక్కలు. నిలువుగా ఉండే గాజు ఛాంబర్, దాని చుట్టూ వేడి నీళ్లు తిరిగే మరో గాజు పొర, లోపల కణజాలాన్ని బతికించి ఉంచే క్రెబ్స్ అనే ఉప్పు ద్రావణం 37 డిగ్రీల దగ్గర, అడుగు నుంచి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ బుడగలు బుడగలుగా వస్తూ ఉంటుంది. ఆ ద్రావణంలో సన్నటి కండరం ముక్క వేలాడుతుంది, కింది కొస కొక్కేనికి, పై కొస దారంతో ట్రాన్స్‌డ్యూసర్‌కి. కండరం ముడుచుకుంటే దారాన్ని లాగుతుంది, ఆ లాగుడు స్క్రీన్ మీద గీతై పైకి లేస్తుంది. వందేళ్లకు పైబడిన పద్ధతి ఇది, అప్పట్లో మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే దాని మీద సూది గీసేది, ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది, అంతే తేడా. మామూలు బాత్‌లలో కండరాన్ని సాగదీయాలంటే పైనున్న మైక్రోమీటర్ మరని చేత్తో తిప్పాలి. మేం కొన్నదాంట్లో ఆ పని మోటారు చేస్తుంది, ఎంత దూరం లాగాలి, ఎంత వేగంతో లాగాలి, లాగాక ఎంతసేపు పట్టుకోవాలి అన్నీ ముందే రాసి పెట్టుకోవచ్చు.

ఈ మోటారు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే డబ్బు పెట్టేది దానికే. చేత్తో మర తిప్పినప్పుడు ఒకరు నెమ్మదిగా తిప్పుతారు, ఇంకొకరు గబుక్కున తిప్పుతారు, కండరానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. అదే ఒక మిల్లీమీటరుని అర సెకనులో లాగితే వచ్చే స్పందన వేరు, అరగంటలో లాగితే వచ్చేది వేరు. మనం ఫలితం అనుకుంటున్నది నిజానికి ఎవరు తిప్పారన్నదాని మీద ఆధారపడి ఉంటే ఆ డేటా పెట్టుకుని ఏం చేసుకుంటాం? మోటారు వచ్చాక ఆ గొడవ పోయింది. నాలుగు ఛాంబర్లకీ ఒకే సమయంలో, ఒకే వేగంతో లాగుడు వెళ్తుంది, ఒక ఛాంబర్‌ని మాత్రం లాగకుండా వదిలేసి పోల్చుకోవచ్చు. శబ్దం కూడా దాదాపు లేదు, కదిలేటప్పుడు పుట్టే వణుకు గీతలోకి రావడం లేదు, అది చిన్న విషయం కాదు.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చెప్తే ఈ పరికరం విలువ అర్థమవుతుంది. మాకు వచ్చే ముక్కలు ఎక్కువగా సిజేరియన్ అయిన తల్లుల దగ్గర నుంచి, వాళ్ల రాతపూర్వక అనుమతితో తీసుకున్నవి. గర్భసంచి కింది భాగంలో పెట్టిన కోత పై అంచు నుంచి చిన్న ముక్క ఇస్తారు, దాన్ని కండరపు పోగులు నడిచే దిశ చూసుకుని సుమారు 10 మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉండే స్ట్రిప్‌లుగా కోస్తాం. కొక్కేనికి కట్టి, రెండు గ్రాముల టెన్షన్ ఇచ్చి వదిలేస్తే మొదట చాలాసేపు ఏమీ ఉండదు, గీత చదునుగా సాగుతూ ఉంటుంది, కొత్తగా చేరిన విద్యార్థులు ఈ దశలోనే ముక్క చచ్చిపోయిందని కంగారు పడతారు. గంటో రెండు గంటలో గడిచాక గీతలో చిన్న వంపు లేస్తుంది. ఇంకాసేపటికి మరోటి. ఆ తర్వాత ఎవరూ ఏ మందూ వేయకుండానే, నరం లేదు, హార్మోన్ లేదు, తల్లి లేదు, ఆ ముక్క తన లెక్కన తాను ఒక లయలో ముడుచుకుంటూ సడలుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది వింతగానే ఉంటుంది.

ఇప్పుడు మోటారుకి ఒక మిల్లీమీటరు లాగమని చెప్పండి. గీత నిట్టనిలువుగా పైకి ఎగురుతుంది, వెంటనే పడిపోవడం మొదలవుతుంది, మొదటి నిమిషాల్లో గబగబా, తర్వాత నెమ్మదిగా. ఇది కండరం చేసే పని కాదు, ముక్కలో ఉన్న కొల్లాజెన్, ఇతర పోగులు లాగుడికి సర్దుకోవడం. సాగదీసి పట్టుకుంటే ఏ మెత్తటి కణజాలమైనా ఇలా సడలుతుంది. అయితే ఆ పడిపోయే గీత మీదే, రావాల్సిన సమయానికి ముందే ఒక సంకోచం లేస్తుంది. తర్వాత వచ్చేవి కూడా చాలా ముక్కల్లో ముందుకంటే ఎత్తుగా ఉంటాయి. ఇంకా లాగితే ఇంకా ఎత్తు, ఒక పొడవు దాకా. అది దాటాక ఎత్తు తగ్గడం మొదలవుతుంది, కింద బేస్‌లైన్, అంటే సంకోచాల మధ్య గీత ఉండే మట్టం, మాత్రం పెరుగుతూనే పోతుంది. పొడవుకీ బలానికీ మధ్య ఉండే ఈ వంపుని ఒక్క ముక్కలోనే, ఒకే ప్రోగ్రాంతో, మనిషి చెయ్యి పడకుండా గీయించగలగడం ఈ యంత్రం గొప్పతనం. ఎత్తు విషయంలో ఫలితాలు చక్కగా కలుస్తాయి, ఎంత తరచుగా వస్తున్నాయి అన్నదాంట్లో మాత్రం ముక్క ముక్కకీ తేడా ఎక్కువ, అది యంత్రం తప్పు కాదు.

లాగితే ఎందుకు ముడుచుకుంటుంది అని అడిగేవాళ్లకి క్లుప్తంగా. కండర కణం పొరలో సాగినప్పుడు తెరుచుకునే ఛానళ్లు ఉంటాయి, వాటిలోంచి ధన అయాన్లు లోపలికి వస్తే పొర మీది విద్యుత్ తేడా తగ్గుతుంది, తగ్గి ఒక హద్దు దాటితే ఎల్-టైప్ కాల్షియం ఛానళ్లు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వచ్చి కాల్‌మోడ్యులిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, అది మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ అనే ఎంజైమ్‌ని లేపుతుంది, కండరం ముడుచుకుంటుంది. నిఫెడిపిన్ అనే మందు వేసి ఆ కాల్షియం ఛానళ్లు మూసేస్తే మొత్తం లయ ఆగిపోతుంది, ఎంత లాగినా గీత చదునే. ఇక్కడ తమాషా ఏంటంటే సాగినప్పుడు తెరుచుకునేవన్నీ ముడుచుకోమనే చెప్పవు. ట్రెక్-1 అనే పొటాషియం ఛానల్ కూడా సాగదీస్తేనే తెరుచుకుంటుంది, కానీ అది పొటాషియాన్ని బయటికి పంపి కణాన్ని శాంతపరుస్తుంది. గర్భం సాగుతున్న కొద్దీ లోపల బిడ్డ పెరిగి గోడ ఎంత సాగినా గర్భసంచి నెలల తరబడి ఊరుకుంటుందంటే అందులో ఇలాంటివాటి చెయ్యి ఉంది, నొప్పులు మొదలయ్యే సమయానికి ట్రెక్-1 మోతాదు తగ్గుతుంది. లాగుడుకి, ఒత్తిడికి తెరుచుకునే పియెజో ఛానళ్ల పేరు ఈ మధ్య అందరూ వినే ఉంటారు, 2010లో కనిపెట్టారు, 2021లో ఆర్డెమ్ పటాపౌటియన్‌కి నోబెల్ తెచ్చిన పనిలో అవే ప్రధానం, పియెజో-1 గర్భసంచిలోనూ ఉంది.

సరే, ఆ స్టారు ఎక్కడ పోయింది?

సాఫ్ట్‌వేర్ తెరవగానే 'ఆటో జీరో' ఆన్ అయి ఉంటుంది. కొనగానే ఉండే సెట్టింగే అది. దాని పని, ప్రతి దశ మొదట్లో అప్పటికి ఉన్న టెన్షన్‌ని సున్నా అనుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టడం. మందుల ప్రభావం చూసేవాళ్లకి ఇది హాయి, ఎందుకంటే వాళ్లకి కావలసింది మందు వేశాక ఎంత పెరిగిందన్నదే. సాగదీత పని చేసేవాళ్లకి మాత్రం ఇది కొంప ముంచుతుంది. లాగినప్పుడు పెరిగే టెన్షన్‌లో రెండు భాగాలుంటాయి, పోగులు సాగడం వల్ల వచ్చేది ఒకటి, కండరం ముడుచుకోవడం వల్ల వచ్చేది ఇంకొకటి. రెండింటినీ విడదీయడమే మా పని మొత్తం. ప్రతి మెట్టు దగ్గరా సాఫ్ట్‌వేర్ తనంతట తానే సున్నా చేసేస్తుంటే మొదటి భాగం మాయమైపోతుంది, గ్రాఫ్ చూస్తే ఎంత లాగినా బేస్‌లైన్ కదలనట్టు, కండరం ఎంతో బుద్ధిగా ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా సేవ్ అయ్యే ఫైల్‌లో సున్నా చేసిన అంకెలే ఉంటాయి, అసలు అంకెలు కావాలంటే 'రా డేటా కూడా ఉంచు' అని వేరే పేజీలో వేరే టిక్ పెట్టాలి. అది మాన్యువల్ చివర్లో, ప్రింటర్ సెట్టింగ్స్ పక్కన ఉంది. స్ట్రెచ్ మోటారు కలిపి అమ్ముతున్న పరికరంలో ఇలా ఎందుకు పెట్టారో నాకైతే అర్థం కాలేదు.

సపోర్ట్ వాళ్లని అడిగితే మర్యాదగానే మాట్లాడారు, మెయిల్‌కి త్వరగానే జవాబిచ్చారు, కానీ మొదట వచ్చిన జవాబు 'ఎక్కువమంది కస్టమర్లకి ఇదే సౌకర్యంగా ఉంటుందండీ' అని. ఎక్కువమంది మోటారు కొనరు కదండీ, కొన్నవాళ్ల సంగతి చూడండి అని రాస్తే, తర్వాతి వెర్షన్‌లో మారుస్తామన్నారు. ఇది రాసే సమయానికి ఆ వెర్షన్ రాలేదు. టెక్నీషియన్ మాత్రం మంచివాడు, అతనే ఒక టెంప్లేట్ తయారుచేసి పంపాడు, అది తెరిస్తే ఆటో జీరో ఆఫ్‌లోనే ఉంటుంది. కొనేవాళ్లు మొదటి రోజే అడిగి తెప్పించుకోండి.

సాగడం వల్ల వచ్చే భాగాన్ని, ముడుచుకోవడం వల్ల వచ్చే భాగాన్ని ఎలా విడదీస్తారని అడగొచ్చు. ప్రయోగం అంతా అయ్యాక క్రెబ్స్ తీసేసి కాల్షియం లేని ద్రావణం, అందులో మిగిలిన కాల్షియాన్ని కూడా పట్టేసే ఈజీటీఏ కాస్త, పోసి కండరాన్ని పూర్తిగా పడుకోబెట్టి, అదే ప్రోగ్రాంతో అదే పొడవులకి మళ్లీ లాగుతాం. ఇప్పుడు వచ్చేదంతా పోగుల లాగుడే. మొదటి గీతలోంచి దీన్ని తీసేస్తే మిగిలింది కండరం సొంత బలం. మోటారు రెండుసార్లూ అచ్చంగా ఒకే దారిలో వెళ్తుంది కాబట్టి ఈ తీసివేత నమ్మదగ్గది అవుతుంది, చేత్తో మర తిప్పిన కాలంలో ఈ లెక్క వేయడానికే భయమేసేది.

ట్రాన్స్‌డ్యూసర్లకి వంక పెట్టడానికి లేదు. తెలిసిన బరువులు వేలాడదీసి కాలిబ్రేట్ చేస్తే గీత సరళరేఖలా వస్తుంది, ఒక గ్రాము బరువంటే 9.8 మిల్లీన్యూటన్లు, ఆ లెక్క సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. పొద్దున కాలిబ్రేట్ చేసింది సాయంత్రం చూసినా పెద్దగా జరగదు. మొదటి అరగంట మాత్రం వేడెక్కే దాకా గీత మెల్లగా జారుతుంది, అందుకని ముక్క తేకముందే ఆన్ చేసి ఉంచాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు.

దారం గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. బాక్సులో వాళ్లిచ్చేది మెత్తటి అల్లిన దారం, ముడి వేయడానికి బాగుంటుంది కానీ అదీ సాగుతుంది. 10 మిల్లీమీటర్ల ముక్కని పది శాతం సాగదీయడమంటే ఒక్క మిల్లీమీటరు లాగడం. ఆ ఒక్క మిల్లీమీటరులో దారమే పావు మిల్లీమీటరు సాగిందనుకోండి, కండరానికి అందేది ముప్పావే, స్క్రీన్ మీద మాత్రం పది శాతం అనే ఉంటుంది. పైగా తడిసిన ముడి మెల్లగా బిగుసుకుంటూ ఉంటుంది, ఆ బిగుసుకోవడం కూడా కండరం సడలినట్టే కనిపిస్తుంది. సన్నటి స్టీలు తీగ వాడండి, ముడికి బదులు చిన్న క్లిప్పు వాడండి, వీలైతే ముక్క మీద రెండు చుక్కలు పెట్టి కెమెరాతో ఆ చుక్కల మధ్య దూరం కొలవండి. ఛాంబర్ గాజు చదునుగా లేకుండా గుండ్రంగా ఉండటం వల్ల కెమెరాకి బొమ్మ వంకరగా వస్తుంది, ఒకవైపు చదును గాజు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో. అదనపు విడిభాగంగా కూడా ఇవ్వరట.

ఛాంబర్, పంపు, గ్యాస్ విషయంలో ఎక్కువ చెప్పడానికేం లేదు. ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, నిండిన ద్రావణాన్ని ఖాళీ చేసి కొత్తది నింపడం ఒక్క బటన్‌తో అయిపోతుంది, గాజు సన్నది కాబట్టి కడిగేటప్పుడు జాగ్రత్త. బుడగల విషయంలో ఒకటి: అడుగున ఉన్న జల్లెడ నుంచి వచ్చే పెద్ద బుడగలు నేరుగా ముక్కని తాకితే గీతంతా గజిబిజి అవుతుంది, గ్యాస్ తగ్గిస్తే మందంగా ఉన్న ముక్క మధ్యలోకి ఆక్సిజన్ అందదు. గొట్టాన్ని కాస్త పక్కకి వంచుకోవడమే దారి. ఎలుక గర్భసంచితో పనిచేసేవాళ్లు కాల్షియం తక్కువున్న డి జలాన్ ద్రావణం, 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి వాడటం అలవాటు, దానంతట అది ముడుచుకోకుండా ఉంటే మందు ప్రభావం శుభ్రంగా కనిపిస్తుందని. సాగదీతకి ముక్క దానంతట అది ఎలా స్పందిస్తుందో చూడాలంటే మాత్రం ఆ పద్ధతి పనికిరాదు, ఆ లయే పోతుంది కదా.

కంపెనీవాళ్లు పంపిన 'నమూనా ప్రయోగాలు' పుస్తకంలో ఒక పేజీ చించేయాలి. సాగినప్పుడు తెరుచుకునే ఛానళ్లని ఆపడానికి గడోలినియం అనే లోహపు అయాన్లు వేసి చూడండి అని క్రెబ్స్ ద్రావణంతో సహా రాశారు. క్రెబ్స్‌లో బైకార్బొనేట్ ఉంటుంది, ఫాస్ఫేట్ ఉంటుంది, గడోలినియం ఆ రెండింటితోనూ గట్టిగా కలిసిపోయి అడుగున దిగిపోతుంది, ఛానల్ దాకా చేరేది దాదాపు ఏమీ ఉండదు. ఏ ప్రభావమూ లేదని రాసేసి, సాగదీత ఛానళ్లకి ఇందులో పాత్ర లేదని తేల్చేసే ప్రమాదం ఉంది. ఆ ప్రయోగానికి ఫాస్ఫేట్, బైకార్బొనేట్ లేని హెపెస్ బఫర్ ద్రావణం కావాలి, గ్యాస్ కూడా కార్బన్ డయాక్సైడ్ లేకుండా ఒట్టి ఆక్సిజన్ అయితే సరిపోతుంది. పైగా గడోలినియం కాల్షియం ఛానళ్లని కూడా ఆపుతుంది కాబట్టి లయ ఆగిందంటే ఎందుకాగిందో చెప్పడం కష్టం. టరంటులా సాలీడు విషం నుంచి వచ్చిన జీఎస్‌ఎమ్‌టీఎక్స్-4 అనే పెప్టైడ్ ఇంకాస్త సూటిగా పనిచేస్తుంది, ఖరీదు ఎక్కువ, అందుకే దాన్ని వాడేటప్పుడు చిన్న ఛాంబర్ కావాలి. ఈ పరికరంలో చిన్న ఛాంబర్ గాజులు విడిగా దొరుకుతాయి, అది మెచ్చుకోవాలి.

విశ్లేషణ భాగం పర్లేదు. ఎత్తు, వ్యవధి, ఎంత తరచుగా, గీత కింద వైశాల్యం అన్నీ తనే లెక్కేస్తుంది. ఒకటే చెప్తాను, వైశాల్యం ఒక్కదాన్నే నమ్మకండి, సాగదీశాక బేస్‌లైన్ పెరిగితే సంకోచాలు ఏమీ పెరగకుండానే వైశాల్యం పెరిగిపోతుంది. ముక్కకీ ముక్కకీ పోల్చాలంటే అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి, దానికి ప్రయోగం అయ్యాక ముక్కని అద్ది తూచాలి. ఉదాహరణకి 10 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీగ్రాముల బరువున్న ముక్క అనుకుంటే, కండరం సాంద్రత ఘన మిల్లీమీటరుకి సుమారు 1.05 మిల్లీగ్రాములు కాబట్టి అడ్డుకోత 1.9 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. అది 20 మిల్లీన్యూటన్ల బలం చూపిస్తే చదరపు మిల్లీమీటరుకి పదిన్నర అన్నమాట. ఈ లెక్కకి సాఫ్ట్‌వేర్‌లో గడి ఉంది, కానీ మొదట కట్టినప్పటి పొడవునే తీసుకుంటుంది, లాగాక మారిన పొడవుని తీసుకోదు. ముక్క సాగితే సన్నబడుతుంది కదా బాబూ! మేం ఎక్సెల్‌లో వేసుకుంటున్నాం.

ఇంతకీ ఇదంతా ఎవరికి కావాలి అనేవాళ్లుంటారు. గర్భం లేనప్పుడు గర్భసంచి బరువు సుమారు 70 గ్రాములు, లోపల పట్టేది పది మిల్లీలీటర్లో అంతకన్నా తక్కువో. నెలలు నిండేసరికి బరువు 1100 గ్రాముల దాకా, లోపలి పరిమాణం ఐదు లీటర్ల దాకా వెళ్తుంది. అంత సాగినా నొప్పులు రాకుండా ఆగి, తర్వాత సరైన సమయానికి వస్తున్నాయంటే ఏదో లెక్క ఉంది. కవలలైతే సగం మందికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు, ముగ్గురైతే సగటున ఇంకా ముందే, ఉమ్మనీరు మరీ ఎక్కువున్నా నెలలు నిండకముందే నొప్పులొచ్చే ముప్పు ఉంటుంది. మరీ సాగడం ఇందులో ఒక కారణమని చాలాకాలంగా అనుకుంటున్నారు. గర్భసంచి ముఖద్వారం సాగితే ఆక్సిటోసిన్ విడుదలై నొప్పులు బలపడతాయని ఫెర్గూసన్ 1941లో కుందేళ్లలో చూపించాడు. అది నరాల గుండా మెదడు దాకా వెళ్లి వచ్చే దారి, మా ఛాంబర్‌లో వేలాడే ముక్కకి మెదడు లేదు కాబట్టి ఈ యంత్రంతో దాన్ని చూడలేం.

యంత్రంతో చూడలేనిది ఇంకోటి ఉంది, అమ్మేవాళ్లు దీని గురించి పల్లెత్తు మాట అనరు. సాగదీతకి గర్భసంచి కండరం రెండు వేగాలతో స్పందిస్తుంది. సెకన్లలో, నిమిషాల్లో జరిగేది ఛానళ్ల పని, అది స్క్రీన్ మీద కనిపిస్తుంది. గంటల్లో, రోజుల్లో జరిగేది జన్యువుల పని. సాగిన కండర కణాల్లో ఈఆర్‌కే లాంటి కైనేజ్‌లు లేస్తాయి, సి-ఫాస్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, కణాన్ని కణానికి కలిపే కనెక్సిన్-43, ఆక్సిటోసిన్ రిసెప్టర్, నొప్పులకి తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్లని తయారుచేసే కాక్స్-2 ఎంజైమ్ ఇవన్నీ పెరుగుతాయి. కనెక్సిన్-43 పెరిగితే కణాల మధ్య దారులు ఎక్కువై మొత్తం కండరం ఒక్కటిగా ముడుచుకోగలుగుతుంది, లేకపోతే ఒక మూల ముడుచుకుంటే ఇంకో మూలకి తెలియదు. ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎలుక గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి కదా, ఒక కొమ్ములో మాత్రమే పిల్లలు ఉండేలా చేశారు. నొప్పుల సమయానికి నిండు కొమ్ములో కనెక్సిన్-43 పెరిగింది, ఖాళీ కొమ్ములో పెరగలేదు, రెండింటికీ అందే రక్తం, హార్మోన్లు ఒకటే అయినా. ఖాళీ కొమ్ములో చిన్న గొట్టం పెట్టి సాగదీస్తే అక్కడా పెరిగింది. ప్రొజెస్టిరాన్ ఇస్తూ ఉంటే మాత్రం సాగదీసినా పెరగలేదు. గర్భాన్ని నిలబెట్టేది ప్రొజెస్టిరాన్ అడ్డు అని 1956లోనే చెప్పిన ఆర్పాడ్ చాపో, సాగదీతకీ ఆ హార్మోన్‌కీ మధ్య పోటీ ఉంటుందని అనేవాడు, అదే ఇక్కడ కళ్లకు కట్టింది.

ఇలాంటి నెమ్మది మార్పులు ఆర్గాన్ బాత్‌లో పట్టాలంటే ముక్కని రోజుల తరబడి బతికించాలి, మామూలు క్రెబ్స్‌లో అది కుదరదు, క్రిములు చేరతాయి, బేస్‌లైన్ దిగజారుతుంది. 'దీర్ఘకాలిక స్ట్రెచ్ స్టడీస్‌కి అనుకూలం' అని బ్రోచర్‌లో ఉన్న వాక్యాన్ని చూసి కొనకండి. ఆ పనికి కణాల్ని సాగే పొర మీద పెంచి లాగే వేరే పరికరం కావాలి, దాంట్లో మళ్లీ బలం కొలవలేం. రెండూ ఒకే దాంట్లో కావాలనుకుంటే నిరాశే.

ఇంకొక పరిమితి. ఈ యంత్రం ముక్కని నిలువుగా, ఒకే దిశలో లాగుతుంది. నిజమైన గర్భసంచి బెలూన్ ఊదినట్టు అన్ని వైపులా సాగుతుంది, గోడ మీద పడే లాగుడు లోపలి ఒత్తిడి మీద, వ్యాసార్థం మీద, గోడ మందం మీద కలిపి ఆధారపడుతుంది, అది లాప్లాస్ సూత్రం. బిడ్డ పెరిగితే వ్యాసార్థం పెరుగుతుంది, కణాలు కూడా పెరిగి కండరాన్ని చేర్చుకుంటాయి, కాబట్టి కడుపు ఎంత పెద్దదైందన్న దాన్నిబట్టి ఒక్కో కణం ఎంత సాగిందో సూటిగా చెప్పలేం. మేం స్ట్రిప్‌ని పది శాతం లాగాం అన్నప్పుడు అది ఎన్నో నెల గర్భంతో సమానం అని అడిగే రివ్యూయర్లకి ఇదే జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

ఎవరు కొనాలి అంటే, పొడవు, వేగం, పట్టి ఉంచే సమయం మార్చి మార్చి చూసే పని ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనండి. ఆక్సిటోసిన్ ఎంత వేస్తే ఎంత ముడుచుకుంటుంది లాంటి పనులు మాత్రమే ఉన్నవాళ్లకి మోటారు దండగ, మైక్రోమీటర్ మరున్న మామూలు మోడల్ చాలు, అదే కంపెనీ అదే ట్రాన్స్‌డ్యూసర్‌తో అదీ అమ్ముతుంది. విద్యార్థులకి డెమోలు చూపించడానికైతే పాత బాత్ ఉంటే దాన్నే బాగుచేయించుకోండి.

డెమోకి వచ్చినప్పుడు సేల్స్ వాళ్లు రబ్బరు బ్యాండ్ తగిలించి లాగి చూపిస్తారు. గీత ఎంత అందంగా వస్తుందంటే అక్కడికక్కడే సంతకం పెట్టేయాలనిపిస్తుంది. రబ్బరు బ్యాండ్ దానంతట అది ముడుచుకోదు కాబట్టి అందులో ఆటో జీరో చేసే నష్టం ఎవరికీ కనపడదు. మీ ముక్క మీరే పట్టుకెళ్లండి, బేస్‌లైన్ లయలో పడేదాకా వాళ్లని కూర్చోబెట్టండి, తర్వాత మూడు మెట్లు లాగించి, ఫైల్ సేవ్ చేయించి, అదే ఫైల్‌ని మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకి బేస్‌లైన్ పెరిగిందో లేదో చూడండి. పెరగకపోతే ఏ పేజీలో ఏ టిక్ తీయాలో వాళ్ల చేతే తీయించి, మళ్లీ లాగించండి.